పగడాలకు దీపం

మదనపల్లెలో ఇంట్లోనే సముద్రాన్ని పెంచేవాడు ఒకడున్నాడంటే జనం ముక్కున వేలేసుకునేవారు. చీరల కొట్టు నాగేంద్ర ఆ మాటకు మురిసిపోయేవాడు. నడవలో అయిదడుగుల గాజుతొట్టి, ఉప్పు కలిపిన నీళ్లు, అందులో పగడాలు. చూడ్డానికి పువ్వుల్లా ఉంటాయి గానీ ప్రాణమున్న జీవాలు. దీపం వెలుతురే వాటికి సగం తిండి. పిల్లలు లేని ఇంట్లో పదకొండేళ్లుగా వాటిని కంటికి రెప్పలా చూసుకున్నాడు. భార్య అంబిక మాత్రం ఆ తొట్టి వంక సరిగ్గా చూసింది లేదు. సవతితో కాపురం చేస్తున్నానని వదినతో అనేది కూడా.

ఇప్పుడు నాగేంద్ర చూపు పోతోంది. కంటి వెనక పొర ఎండిపోతోందని, దానికి మందు లేదని, ఉన్న చూపు ఇంకో ఏడాది నిలిస్తే అదే గొప్పని కుప్పంలో డాక్టరు చెప్పేశాడు. తిరుగు బస్సు పలమనేరు దాటింది. నాగేంద్ర, పుంగనూరులో దిగుదామన్నాడు. తొట్టి మీది పాత ట్యూబులు ఇవాళో రేపో మాడిపోయేలా ఉన్నాయి, ఆ రకం ఇప్పుడు దొరకడం లేదు, ఎల్‌ఇడి దీపం ఎంచుకోవాలి. ఇలాంటి రోజున దీపం గొడవేమిటని అంబికకు ఒళ్లు మండింది. అయినా దిగింది.

అక్వేరియం కొట్టు రాజేంద్ర తన తొట్టి మీద రెండు దీపాలు పెట్టి చూపించాడు. ఒకటి తెల్లనిది. రెండోది ముప్పాతిక వంతు నీలం. నీలం వెలిగించగానే పగడాలు లోపల నిప్పు రాజుకున్నట్టు మెరిశాయి. అంబిక తొట్టి దగ్గరికి వంగింది. ఇన్నేళ్లూ తన నడవలో ఉన్నవి ఇలాంటివా అనుకుంది. పక్కన నాగేంద్ర కళ్లు చికిలించుకుని, తనకు అంతా చీకటిగానే ఉందని మెల్లగా చెప్పాడు. తెల్లదాని కింద మాత్రం ఆకారాలూ కొన్ని రంగులూ తెలిశాయి.

ఇంకేం, తెల్లదే ఇవ్వమంది అంబిక. రాజేంద్ర నసిగాడు. ఈ రకం పగడాలకు ఆ తెలుపు చాలదని, పాచి పడుతుందని, ఆర్నెల్లలో రంగు మాసి ఒక్కొక్కటే చచ్చిపోతాయని చెప్పాడు. ఆర్నెల్లు చాలనిపించింది అంబికకు. ఆమెకు కావలసింది పగడాలు కావు, మొగుడు చూడబోయే చివరి రంగులు. ఆ మాట పైకి అనలేక మొగుడి చీరల వ్యాపారాన్నే ఎత్తిపొడిచింది. ఏ చీరనైనా గడప బయటికి తీసుకెళ్లి ఎండలో చూపించి గానీ అమ్మడు నాగేంద్ర. దానివల్ల బేరాలు తప్పిపోయినా మానుకోలేదు.

"లైట్ల కింద రంగు మోసం, ఎండలో సూడల్ల అనేది మీరే కదా. ఈ నీలం మాత్రం మోసం కాదా?"

నాగేంద్ర తొట్టి అంచు తడిమాడు.

"చీర కట్టుకున్న మనిషి ఎండలో తిరుగుతాది అంబికా. అందుకని ఎండలో సూడమంటాను. ఇవి సముద్రం లోపల బతికేటివి. ఆడికి దిగే ఎలుతురు నీలమే. నేను సూసేదానికని వాటిని సంపేదా?"

నీలందే కొన్నారు. అందులో తెల్లబల్బులు కూడా కొన్ని ఉన్నాయని, రోజుకో గంట వాటి వెలుతురు పెంచుకుంటే పగడాలకు ఏమీ కాదని చెప్పి, ఆ బటను నొక్కడం రాజేంద్ర అంబికకు నేర్పించాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం ఆరు కొట్టగానే నాగేంద్ర తొట్టి ముందు కుర్చీ వేసుకునేవాడు. మొదట్లో అంబిక బటను నొక్కి వంటింట్లోకి పోయేది. వారం తిరక్కుండా తనూ ఓ పీట తెచ్చుకుంది. చూపు మధ్యలో మిగిలిన చిన్న కంతలోంచి అతను ఒక్కో పగడాన్నీ వెతికి పట్టి, వేలు పెట్టి చూపించేవాడు. మామిడికాయల రోజుల్లో వేలు పెట్టిన చోట పగడం ఉండేది. శ్రావణం వచ్చేసరికి వేలు పక్కకు పోతోంది. అంబిక దిద్దలేదు. అవును, బాగుందని అంటూ, కొంగుతో కళ్లు ఒత్తుకునేది.

కార్తీకంలో ఒక సాయంత్రం ఆమె ఎప్పటిలాగే బటను నొక్కింది. తొట్టి అంతా పట్టపగలులా తెల్లబడింది. నాగేంద్ర కుర్చీలో ముందుకు వంగి ఎదురుచూస్తున్నాడు.

"ఇంగా ఎయ్యలేదా?" అన్నాడు.

అంబిక వెలుగుతున్న తొట్టి వంక చూసింది. "కరెంటు పోయింది" అంది.

తొట్టిలో నీళ్లు తిప్పే మోటరు తిరుగుతూనే ఉంది. నాగేంద్ర తల తిప్పి ఆ చప్పుడు విన్నాడు. తర్వాత చెయ్యి చాచి, ఆమె భుజం ఎక్కడుందో తడుముకుని పట్టుకున్నాడు.

"ఆ తెలుపు ఆపెయ్ అంబికా" అన్నాడు. "ఇంగ ఆ గంట కూడా వాటికే ఇచ్చేద్దాం."