ముప్పాతిక గ్లాసు

ఆ ఇంట్లో టీ ముప్పాతిక గ్లాసే పోస్తారు. పిసినారితనం కాదు. కోడలు దగ్గరికొస్తే నీళ్లు లేస్తాయి. గ్లాసులో టీ అయినా, బకెట్లో నీళ్లయినా ఆ పిల్ల గదిలోకి రాగానే వేలెడు పైకొస్తాయి, వెళ్లిపోతే మళ్లీ దిగుతాయి. నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత దూరం నుంచే లేస్తాయి. పెళ్లైన కొత్తలో ఒకరిద్దరి చేతులు కాలాయి. తరవాత అందరూ ముప్పాతికకి అలవాటు పడ్డారు. కొందరికి దుమ్ము పడదు, కొందరికి ఎండ పడదు, ఈ పిల్లకి ఇది. అంతే.

ముందుగదిలో ఆమె అత్తగారు, అందరూ పెద్దావిడ అంటారు, ట్యాంకు గంటలు చేయిస్తుంది. డాబా మీది ట్యాంకులోకి తీగలు వేలాడదీస్తారు. నీళ్లు ఏ తీగ దాకా వస్తే ఇంట్లో ఆ దీపం వెలుగుతుంది. పై తీగ తాకితే గంట మోగుతుంది, మోటారు కట్టేసుకోవచ్చు. కొడుకు టంకం పెడతాడు, ఆవిడ చూస్తుంది. టంకం బొట్టు మెరవాలి. మసకగా కనబడితే పీకించి మళ్లీ పెట్టిస్తుంది.

"ఎవరు చూస్తారమ్మా లోపల?" అని కొడుకు గొణుగుతాడు.

"నేను చూశానుగా," అంటుంది.

డ్రమ్ములో తీగలు ముంచి పరీక్షించేటప్పుడు మాత్రం, "అమ్మాయ్, నువ్వు కాసేపు బయట నిలబడు," అని కోడలిని పంపేసేది. లేకపోతే గంట ముందే మోగుతుంది. ఆ పిల్ల గుమ్మం బయట చేతులు కట్టుకుని వచ్చేపోయేవాళ్లని చూస్తూ నిలబడేది. ఏ పనికీ అక్కర్లేని మనిషిలా నిలబడడం ఎవరికి బాగుంటుంది?

పెద్దావిడకి ఒక చెల్లెలుంది. ఊరి చివర మొక్కలు పెంచి అమ్ముతుంది. ఇద్దరికీ మాటల్లేవు. ఒకప్పుడు చెల్లెలింట్లో ఈవిడ పెట్టిన గంట మోగక ట్యాంకు పొంగి గోడలన్నీ తడిశాయి. చెల్లెలు పదిమందిలో అంది: "మా అక్క చేసిన గంటకి నోరు లేదు. ఆ నోరంతా అక్కకే ఉంది."

తీగని ఎలక కొరికిందని తరవాత తేలింది. తేలితే ఏం లాభం? గోడ ఆరింది, మాట ఆరలేదు.

అలాంటి చెల్లెలి తోట నుంచి కొడుకు పని తెచ్చాడు. మొక్కల మట్టి ఆరిపోతే మోగే గంటలు కావాలట. అమ్మ చెయ్యనంటుందేమో అని కొడుకు భయపడ్డాడు.

"చెయ్యనంటే చేతకాలేదంటుంది," అంది పెద్దావిడ. "చేద్దాం. వంక పెట్టడానికి సూది మొనంత సందు ఉండకూడదు."

మట్టి గంటకి రెండు ఇనప పుల్లలు. మట్టిలో గుచ్చితే, తడి ఉన్నంతసేపు కరెంటు ఒక పుల్ల నుంచి రెండోదానికి పాకుతుంది. ఆరితే పాకలేదు, గంట మోగుతుంది. ఎంత ఆరితే మోగాలన్నది ఒక చిన్న స్క్రూ తిప్పి పెట్టాలి. పెద్దావిడ సరిగ్గా నీళ్లు పెట్టాల్సినంతగా ఆరిన కుండీ ఒకటి ముందు పెట్టుకుని ఒక్కో గంటనీ అందులో గుచ్చి తనే స్క్రూ తిప్పింది. కళ్లు ఆనక కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని దీపం పట్టుకోమంది. బయటికి పంపలేదు. డ్రమ్ము లేదు, నీళ్లు లేవు, మట్టేగా! మట్టిలో తడి కూడా నీళ్లేనని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. కోడలు మాత్రం సంబరంగా రెండో చేత్తో కుండీలో మట్టి నలుపుతూ, వాసన చూస్తూ కూర్చుంది.

గంటలు బిగించి వచ్చిన కొద్దిరోజులకే కొడుకు తోట నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"నీళ్లు పెట్టినా మోగుతున్నాయమ్మా. మోగినప్పుడల్లా పనివాళ్లు పెడుతున్నారు, మధ్యాహ్నానికే తొట్టి ఖాళీ. ముందు వరుసలు బురద, వెనక వరుసలు ఎండు. బోరు అడుగంటింది. ఇలాగైతే తోట ఎత్తేస్తానంటోంది పిన్ని."

"ఇంకేమంది?"

కొడుకు నీళ్లు నమిలాడు.

"చెప్పరా."

"అక్క గంటకి ఇన్నాళ్లకి నోరొచ్చింది, మూసుకోవడమే రాలేదు అంది."

పెద్దావిడ చెప్పులు వేసుకుంది. పనిముట్ల సంచి కోడలి చేతికిచ్చింది.

తోటలో గంటల గోలకి చెవులు చిల్లులు పడుతున్నాయి. అక్కాచెల్లెళ్లు ఎదురెదురుగా నిలబడి కోడలితో మాట్లాడారు.

"అమ్మాయ్, మీ చిన్నత్తని అడుగు, ఏం నీళ్లు పెడుతోందో."

"అమ్మాయ్, మీ అత్తకి చెప్పు, తడిగా ఉండే నీళ్లే పెడుతున్నానని."

కోడలు ఎవరికీ ఏమీ చెప్పకుండా వెనక వరుసల వైపు నడిచింది. వాడిన మొక్కల్ని చూసి ఆగలేకపోయింది. ఆమె నడిచిన వైపల్లా గంటలు ఒకటొకటే ఆగాయి. తోట నడుమకి చేరేసరికి ఒక్కటీ మోగడం లేదు. బోరు గొట్టం దగ్గి, బుడబుడమని నీళ్లు కక్కింది.

పెద్దావిడ ఒక గంట పీకి, స్క్రూ వంక చూసి, కోడలి వంక చూసింది. దీపం పట్టుకుని పక్కన కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల పక్కనుంటే మట్టికి లేని తడి వచ్చింది, స్క్రూ ఆ తడికే కుదిరింది. ఇప్పుడు స్క్రూలన్నీ వెనక్కి తిప్పితే తన పని సరైపోతుంది. గంటలు ఊరుకుంటాయి. అడుగంటిన బోరుతో తోట మాత్రం ఎండుతుంది.

ఆవిడ చేతిలో స్క్రూడ్రైవరు చూసి కోడలు అలవాటు కొద్దీ పక్కకి తప్పుకుంది. "అత్తయ్యా, బయట నిలబడనా?"

పెద్దావిడ స్క్రూడ్రైవరు సంచిలో వేసేసింది.

"వద్దు. ఇక్కడే ఉండు. ఇవి నువ్వున్న చోట చేసినవి, నువ్వున్న చోటే నిజం చెబుతాయి. రోజూ వచ్చి ఈ తోట చూసుకుంటావా?"

"చూసుకుంటాను," అంది కోడలు, మాట పూర్తవకముందే.

"అయితే మీ చిన్నత్తకి చెప్పు, తోట ఎత్తెయ్యక్కర్లేదని. గంటల్లో తప్పేం లేదని కూడా చెప్పు."

చెల్లెలు బోరు గొట్టం కింద చెయ్యి పెట్టి నీళ్లు చూసుకుంది. "అమ్మాయ్, మీ అత్తని నీడన కూర్చోమను," అంది చివరికి.

ఇప్పుడు వెనక వరుసలు కూడా చిగురేశాయి. ఏ మొక్క ఎక్కడుండాలో కోడలే చెబుతుంది, పనివాళ్లు వింటారు. సాయంత్రం ఆమె గేటు దగ్గరికి రాగానే ఇంట్లో ట్యాంకు దీపాల్లో కిందిది ఆరి నడిమిది వెలుగుతుంది. అది చూసి పెద్దావిడ టీ వడగడుతుంది.

ఒక సాయంత్రం దీపం వెలిగాక గేటు దగ్గర రెండు గొంతులు వినిపించాయి. కోడలు పెరటి వైపు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. చెల్లెలు వచ్చి ముందుగదిలో కూర్చుంది. పెద్దావిడ కోడలికి ముప్పాతిక గ్లాసు పోసింది. రెండో గ్లాసు అంచుదాకా పోసి, తీసుకెళ్లి చెల్లెలి చేతికిచ్చింది.

కోడలు లోపలికొచ్చింది. టీ పొంగి చెల్లెలి ఒడంతా తడిసింది.

"పొంగుతుందని ముందు చెప్పకూడదా అక్కా?"

"నా గంటకి నోరు లేదుగా," అని, పెద్దావిడ తుడుచుకోవడానికి గుడ్డ అందించింది.