ఎడమ బూటు

మా క్లబ్బులో బూట్లు, జెర్సీలు చూసుకునే పని ఇరవై రెండేళ్లు చేశాను. ఆటగాళ్లందరికీ బంతిని తన్నడం వచ్చు గానీ బూటు తుడుచుకోవడం ఒక్కడికీ రాదు. ఆ మాట వాళ్ల మొహం మీదే అనేవాణ్ణి. ఎదుట భయపడేవాళ్లు, వెనక నవ్వుకునేవాళ్లు.

కురానో ఒక్కడే వేరు. ఆట అయ్యాక తన బూట్లు తనే కడిగి, లోపల పేపరు కుక్కి నా బల్ల మీద పెట్టేవాడు. జపాన్ జట్టు తరఫున ఇరవై ఆరు ఆటలు ఆడి ఏడు గోల్స్ వేసిన ఫార్వర్డ్ అతను. అలాంటివాడు ముప్పై ఒకటో ఏట సెరంగూన్‌లో, మూడొందల మంది కూడా రాని మా గ్రౌండుకు వచ్చిపడ్డాడంటే కారణం మోకాలు. ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. జపాన్‌లో ఎవరూ తీసుకోలేదు. ఇక్కడేమో డాట్‌కామ్ కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్న రోజులు. వాటిలో ఒకటి మా జెర్సీల మీద తన పేరు వేయించుకుని, పేరున్న ఆటగాడు ఒకడు కావాలని పట్టుబట్టింది. మా అమ్మాయి సరయు సైన్స్ పార్క్‌లో ఆ కంపెనీలోనే పనిచేసేది. అతని ఆటల చరిత్రంతా వాళ్ల వెబ్‌సైట్‌లో ఎక్కించింది తనే.

వచ్చిన నెలకే ఒక మధ్యాహ్నం నా గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే.

"అంకుల్, నా ఎడమ బూటుకు మాత్రం పొట్టి స్టడ్లు వెయ్యండి. కోచ్‌కి చెప్పకండి."

స్టడ్లంటే బూటు అడుగున మరతో బిగించే బుడిపెలు. పొడుగువైతే నేలలో దిగి కాలు జారకుండా పట్టుకుంటాయి. కానీ ఒళ్లు తిరిగినప్పుడు పాదం తిరగకపోతే ఆ మెలి మొత్తం మోకాలి మీద పడుతుంది. పొట్టివైతే కాలు కాస్త జారుతుంది, మోకాలు బతుకుతుంది. సంగతి తెలిస్తే కోచ్ అతన్ని బెంచీ మీదే కూర్చోబెడతాడు. నేను సరేనన్నాను. అంత పెద్ద ఆటగాడు నా ముందు తల వంచి అడిగితే కాదనలేకపోయాను.

రెండేళ్లు ఆ రహస్యం మా ఇద్దరి మధ్యే ఉంది. అరిగిపోయిన స్టడ్లు ఏరి, ఆకురాయితో ఇంకాస్త అరగదీసి అతని ఎడమ బూటుకు బిగించేవాణ్ణి. ఆ కాలి మీద పద్నాలుగు గోల్స్ వేశాడు.

తర్వాత డాట్‌కామ్‌ల గాలి తీసేసినట్టయింది. సరయు కంపెనీ మూతపడింది, తను ఇంకో ఉద్యోగం వెతుక్కుంది. క్లబ్బు కురానోకి ఈ సీజన్‌తో సెలవని చెప్పేసింది. అప్పుడు అతని సొంత ఊరి క్లబ్బు నుంచి ఒకాయన ఒక్క ఆట చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. నచ్చితే ఏడాది పాటు తీసుకుంటారు.

"నా మొదటి గోల్ ఆ గ్రౌండులోనే వేశాను అంకుల్. ఆఖరిది కూడా అక్కడే వెయ్యాలి" అన్నాడు కురానో. అతను ఏదైనా కావాలని అనడం అదొక్కసారే విన్నాను.

ఆ సాయంత్రం ఆటకు ముప్పావుగంట ముందు కుండపోత మొదలైంది. గ్రౌండు బురదయింది. కోచ్ నా గదిలోకి తల పెట్టి "అంకుల్, అందరికీ పొడుగు స్టడ్లు! ఫాస్ట్!" అని అరిచాడు. ముప్పై ఆరు బూట్లు. విప్పడం, బిగించడం, పక్కన పెట్టడం. ఇరవై రెండేళ్లుగా వాన పడినప్పుడల్లా చేసిన పనే. ఆ కుర్రాళ్లు జెర్సీలు నేల మీద పడేశారని తిట్టుకుంటూ బిగించాను.

ఇరవయ్యో నిమిషంలో కురానో గోల్‌కు వీపు పెట్టి బంతి అందుకుని ఎడమ కాలి మీద గిర్రున తిరిగాడు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు.

స్ట్రెచర్ నా ముందు నుంచే వెళ్లింది. బూటు అడుగు కనిపించింది. ఆరూ పొడుగు స్టడ్లే. జపాన్ నుంచి వచ్చినాయన సగం ఆట కాకముందే గొడుగు తెరిచి వెళ్లిపోయాడు.

ఇంట్లో ముద్ద దిగడం లేదని సరయు నిలదీసింది. స్టడ్లు నేనే మార్చానని మాత్రం చెప్పాను, రహస్యం చెప్పలేదు. "రెయిన్ వస్తే ఎవ్రీబడీ మారుస్తారు లా నాన్నా! నీ ఫాల్ట్ ఎట్లా అవుద్ది?" అంది, ఇక్కడి యాస కలిపి.

మూడు వారాలకు కురానో చంకకర్రల మీద నా గదికొచ్చాడు. మర్నాడే ప్రయాణం. ఇక ఆడలేడని డాక్టర్లు తేల్చేశారు. ఇన్ని రోజులూ ఆసుపత్రి వైపు వెళ్లే ధైర్యం చాలని పిరికివాణ్ణి, అతన్ని చూడగానే బయటపడ్డాను.

"ఆ స్టడ్లు బిగించింది నేనే బాబూ."

"తెలుసు అంకుల్. నడవాలో సిమెంటు మీద నడిచినప్పుడే తెలిసింది. రెండు కాళ్లూ ఒకే చప్పుడు."

"మరి అడగలేదేం? రెండు నిమిషాల్లో మార్చేవాణ్ణి కదా!"

అతను నా వైపు ఆశ్చర్యంగా చూశాడు.

"వాన పడింది కదా. నా మోకాలి సంగతి మీ ఒక్కరికే తెలుసు. మీరు మార్చారంటే ఆలోచించే మార్చి ఉంటారనుకున్నాను."

తిట్టినా బాగుండేది. నేను ఆలోచించలేదని, ఆ అరగంటలో అతను నాకు గుర్తు కూడా రాలేదని చెప్పాలి. నోరు తెరిచాను. అతను చంకకర్రల మీద వంగగలిగినంత వంగి నాకు దణ్ణం పెట్టాడు.

ఆలోచించే మార్చానన్నట్టు తలూపాను.