రుచి చూడని ఉప్పు

"పులిహోరలో ఉప్పేసినావా నందినీ?" మా అత్త భారతమ్మ వాకిట్లోంచి అడిగింది. శనివారం స్వామికి పెట్టేది వండేవాళ్లు రుచి చూడకూడదు. పెళ్లయినప్పటి నుంచీ నాలుక మీద పెట్టుకోకుండానే ఉప్పు వేస్తున్నాను, ఒక్కసారీ తప్పలేదు. అయినా అడుగుతుంది. మా ఆయన గిరిప్రసాద్ నవ్వి, "దానికి మతిమరుపు కదమ్మా" అన్నాడు.

ఈ మతిమరుపు ఈ మధ్యనే మొదలైంది. అది మొదలైన తీరు మీదే నా అనుమానం. తిరుపతిలో మేమిద్దరం ఒకే ల్యాబులో పనిచేస్తాం. కణంలో సుమో అని బుల్లి ప్రోటీన్ ఒకటుంది. అది పోయి పెద్ద ప్రోటీన్‌కి అతుక్కుంటే చాలు, ఆ పెద్దది ఉండే చోటు, చేసే పని మారిపోతాయి. అలా అతుక్కున్నప్పుడు దాన్ని పట్టుకోవడమే నా ప్రాజెక్టు. నాకూ అలాగే ఈ మతిమరుపు అన్న మాట ఒకటి అంటించారు. ముందు ఇంట్లో అన్నారు, తర్వాత క్యాంటీన్లో. చివరికి మా బాలసుబ్రమణ్యం సారు, "వచ్చే నెల నుంచి కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమ్మా, నీ ప్రాజెక్టు గిరి చూసుకుంటాడు" అనేశాడు.

కారణం, నా ప్రయోగాల్లో సుమో కనబడటం మానేసింది. కణాల్ని పగలగొట్టే బఫరు అనే ద్రావణంలో ఒక పొడి కలపాలి. లేకపోతే కణంలోని ఎంజైములే ఆ సుమోను కత్తిరించి పారేస్తాయి. "నేను ముందే పోయి బఫరు చూస్తా, నువ్వు ఈడ పనులు చేసుకొని నింపాదిగా రా" అనేవాడు గిరి. ఇడ్లీలూ, అత్త కషాయమూ, క్యారియర్లూ ముగించుకుని నేను చేరేసరికి, "ఇప్పుడే పొడి కలిపినా, పోసుకో" అని సీసా అందించేవాడు. ఫలితం రాకపోతే జాలిగా, "ఏదో మరిచిపోయినావులే." నేనూ నమ్మాను. బాత్రూములో కూర్చుని ఏడ్చాను కూడా.

మొన్న ఆయన జూనియర్లకు పాఠం చెబుతుంటే విన్నాను. "ఈ పొడి నీళ్లలో నిలవదబ్బా. ముందురోజు కలిపితే దండగ. అప్పటికప్పుడు కలపాల." అంటే నాకిచ్చే సీసాలో ముందురోజే కలిపి పెడుతున్నాడేమోనని నా ఒళ్లు మండిపోయింది. నిన్న ఒకే కణాల్ని రెండు గొట్టాల్లో పెట్టాను. ఒకదాంట్లో ఆయనిచ్చిన బఫరు, ఇంకోదాంట్లో అప్పటికప్పుడు నేను కలుపుకున్నది. ఆయనదాంట్లో ఏమీ లేదు. నాదాంట్లో సుమో ఉందని చూపే గీత నల్లగా, నిండుగా ఉంది.

దీపం వెలిగించి అత్త పిలిచింది. గిరి టెంకాయ పట్టుకుని వంటింట్లోకి తొంగి చూశాడు. "ఉప్పేసినావా లేదా?"

"వేసినాను. మీరు పొడి ఎప్పుడు కలిపినారు?"

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఏం పొడి?"

రెండు గొట్టాల ఫలితాన్నీ పొద్దున్నే సారుకి పంపించాను. సోమవారం ఇద్దరినీ రమ్మన్నాడు. ఆ జవాబున్న ఫోను పులిహోర గిన్నె పక్కన, ఆయనకు కనబడేలా పెట్టాను.

"మరిచిపోయినారా?" అన్నాను.