నాయిన మొఖం ఎందుకు ఎర్రబడింది

కల్లు మానేశానని చెప్పే మనిషి మొఖం ఎర్రగా ఉంటే ఎవరు నమ్ముతారు? మా అవ్వ, అంటే మా అమ్మ, అసలే నమ్మదు.

మా నాయిన పోశం కోరుట్లలో హమాలీ. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి కల్లు ముట్టలేదు. ఆ సంగతి దేవుడికి, నాయినకు, నాకు తెలుసు. మిగతా వాడకట్టంతా మా అవ్వ భూమవ్వ పక్షమే. నాయినకు ఉన్నట్టుండి మొఖం, మెడ వేడెక్కి ఎర్రబడేవి. కళ్లు చింతనిప్పులయ్యేవి. కాసేపటికి అదే తగ్గేది. ఆలోపు అవ్వ కంటబడితే మాత్రం ఆయన్ను గడపలోనే ఆపి "ఊదు" అనేది. పొద్దంతా బీడీలు చుట్టే మనిషి ఆమె, ముక్కు నిండా తంబాకే. కల్లు కుండలో తల పెట్టినా వాసన తెలియదు. అయినా తీర్పు చెప్పేది ఆ ముక్కే.

"వాసన రాకుంట ఏదో నమిలినవ్."

"నేను తాగలేదే."

"తాగకుంటే మొఖం ఎందుకు గట్లయితది?"

ఆ మాటకు రోషమొచ్చి నాయిన ఇంకా ఎర్రబడేవాడు. ఎంత కాదంటే అంత ఎరుపు. ఇక అవ్వకు వేరే సాక్ష్యం అవసరమేముంది?

మందిరంలోనూ పరువు పోయింది. ప్రభువు బల్ల రోజున, అంటే యేసు గుర్తుగా అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే రోజున, ఆ రసం గిన్నెల పళ్లెం పట్టుకునేది నాయినే. ఒకసారి ఆ పళ్లెంతో నిలబడ్డప్పుడే ఎర్రబడ్డాడు. పాస్టర్ సంజీవ్ అయ్యగారు మర్యాదస్తుడు, తాగావా అని అడగలేదు. మరుసటి వారం నుంచి పళ్లెం వేరేవాళ్లకిచ్చి, నాయినను బయట చెప్పుల దగ్గరికి కుక్కలు రాకుండా చూసుకోమన్నాడు. ఇక ప్రతి ఆదివారం నాయిన ఆ చెప్పుల కాడే కూర్చునేవాడు.

నాయినకు విరేచనాలు పట్టుకుని ఎంతకీ ఆగకపోయేసరికి నేను ఉంటున్న సిరిసిల్ల నుంచి వచ్చి ఇద్దరినీ జగిత్యాల తీసుకెళ్లాను. స్కానింగ్‌లో లివర్ నిండా మచ్చలు. అవ్వ ఏడ్చింది. ఏడుపులోనే గెలిచింది కూడా.

"చూసినవా సుమలతా? తాగి తాగి లివర్ కరాబ్ జేసుకున్నడు."

నాయిన ఎర్రబడ్డాడు.

లివర్ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. క్యాన్సరే, న్యూరోఎండోక్రైన్ అనే రకం, నెమ్మదిగా పెరుగుతుంది. కానీ పుట్టింది లివర్లో కాదు, ఒంట్లో ఇంకెక్కడో పుట్టి అక్కడికి పాకింది. ఎక్కడన్నది మామూలు సీటీ స్కాన్‌లో దొరకలేదు.

నాయిన మొఖం మాత్రం పెళ్లికొడుకు మొఖంలా ఉంది.

"అంటే నా లివర్‌ది తప్పేం లేదన్నట్టే గద మేడం?"

"క్యాన్సర్ అండీ," అంది ఆమె, వినిపించలేదేమోనని.

"గది సరే. తాగుడుతోని రాలేదని జర మా ఆమెకు చెప్పుండ్రి."

"ముందు ఎక్కడ పుట్టిందో తేలనివ్వండి."

దాని కోసమే హైదరాబాద్ వెళ్లాం. గాలియం స్కాన్ అన్నారు. నరానికి ఒక మందు ఎక్కిస్తే అది వెతుక్కుంటూ పోయి ఈ రకం గడ్డలకే అతుక్కుంటుందట, అతుక్కున్న చోటల్లా బొమ్మలో వెలుగుతుందట. ఆ మందులో కొంచెం రేడియేషన్ ఉందనీ, ఆ పూట చంటిపిల్లలు, గర్భిణులు ఆయన దగ్గర కూర్చోవద్దనీ చెప్పారు. అవ్వ ఆ రెండింటిలో ఏదీ కాకపోయినా తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆయన్ను ఊదమనకుండా గడిచింది ఆ ఒక్క పూటే.

బొమ్మలో లివర్ మచ్చలన్నీ వెలిగాయి. వాటికి దూరంగా, చిన్నపేగు చివర, శనగ గింజంత చుక్క.

"ఇదీ దీని పుట్టిల్లు," అన్నాడు డాక్టరు. "ఈ గడ్డలు ఒక రసాయనం వదులుతాయమ్మా. దానివల్లే విరేచనాలు, మొఖం ఎర్రబడటం. కోపమొచ్చినా, కంగారుపడ్డా ఇంకా ఎక్కువవుతుంది. పేగులోది ఆపరేషన్ చేసి తీస్తాం. లివర్‌లోని వాటికి నెలనెలా ఇంజెక్షన్. పూర్తిగా పోతుందని చెప్పలేను గానీ చాలా ఏళ్లు అదుపులో పెట్టొచ్చు."

"మరి తాగుడు?" అంది అవ్వ.

"తాగుడుకూ దీనికీ సంబంధం లేదు."

అవ్వ ఆ చుక్క మీదికి వంగి చూసింది. "గింతంత దానికా గింత లొల్లి," అంది. ఇప్పుడైనా నాయిన నాలుగు మాటలతో దులిపేస్తాడనుకున్నాను. ఆయన ఆపరేషన్ ఎప్పుడని డాక్టరును అడిగాడు. కోరుట్ల దాకా బస్సులో అవ్వ ఆయన పక్కనే కూర్చుని ఆ తీర్పులు చెప్పిన ముక్కును కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

ఆపరేషన్ అయింది. ఇంజెక్షన్లు మొదలయ్యాక ఎర్రబడటం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నాయిన కోలుకున్నాక సంజీవ్ అయ్యగారే పిలిచి పళ్లెం మళ్లీ చేతికిచ్చాడు. ఇచ్చాడు సరే, మందిరంలో ఉన్న కళ్లన్నీ నాయిన మొఖం మీదే. అంతమంది చూస్తే కంగారు రాదా? మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎక్కింది ఎరుపు. పళ్లెంలో గిన్నెలు టకటకలాడాయి. ముందు వరసలో చాపిన చేతులు వెనక్కి పోయాయి. నాయిన తలదించుకుని చెప్పులున్న వైపు చూశాడు.

ఆడవాళ్ల చాప మీద నుంచి అవ్వ లేచింది.

"గది పేగుతోని అయితున్నది. ఆయన తాగలే. నేనే ఇన్నొద్దులు ఉత్తగ బద్నాం జేసిన."

అయ్యగారు ప్రార్థన మధ్యలో ఆగిపోయాడు. అవ్వ మనుషుల మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి నాయిన ఎదురుగా నిలబడింది. ఆయన మొఖం అప్పటికి కుంకుమలా ఉంది. మొదటి గిన్నె తీసుకుని, వాసన చూడకుండా తాగింది.