జిగురు ఆరేదాకా

మందు పెట్టెల్లో మడిచిపెట్టే సూచనల కాగితాలను అనువదించడం నా పని. అరచేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ డిక్షనరీ లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే. అది చక్కగా పనిచేస్తుండటమే మా ఆయన కంటికి నచ్చలేదు. బాగున్నదాన్ని బాగుచేయడం ఆయన సరదా. తెర వెనక దీపం పెడతానన్నాడు. వద్దు మొర్రో అన్నా వినలేదు. దీపానికి పెద్ద బ్యాటరీ కావాల్సి వచ్చింది. అది దూర్చాక వెనక మూత పట్టలేదు. మూతకి జిగురు రాశాడు.

ఈరోజు ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. పోనీ, అచ్చు డిక్షనరీ ఉందిగా అని అలమర తెరిస్తే దాని చోటు ఖాళీ. తీరా చూస్తే ఆ లావుపాటి పుస్తకం ఆయన బల్ల మీద, నా బుల్లి డిక్షనరీ నెత్తినెక్కి కూర్చుంది.

"ముట్టుకోకు! జిగురు ఆరేదాకా బరువుండాలి," అని అరిచాడు.

"ఇంట్లో ఇంకే బరువూ దొరకలేదా మీకు? ఇస్త్రీపెట్టె ఏమైంది?"

"దాంతో గీతలు పడతాయి. అయినా నేను లేనూ? ఏం మాటో చెప్పు."

పళ్ళు నూరుకుంటూ చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు.

"ఇది డిక్షనరీ చూస్తే గానీ తెలీదే," అన్నాడు.