నమూనా గదిలో రోగి

రుదైనా నక్షా గీసిన ఆసుపత్రిలో ప్రతి అంతస్తుకూ ఒక సందర్శకుల హాలు ఉంది. అమ్మాన్‌లో ఒకరికి అపెండిక్స్ తీస్తే నలభై మంది చూడ్డానికి వస్తారనీ, చోటు లేకపోతే రోగి కాళ్ళ దగ్గరే సర్దుకుంటారనీ ఆమెకు తెలుసు. విదేశీ సలహాదారులకు తెలియదు. రోగికి ఇద్దరు సందర్శకులు చాలని వాళ్ళు రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని హాళ్ళన్నీ నక్షాలోంచి కొట్టేసి, తన అతిథి గది పెంచుకోవాలని నిర్మాణ శాఖ డైరెక్టర్ గాలిబ్ బేగ్ ఆశ. ఈ ఉదయం నమూనా గది పరీక్ష నివేదిక మీద ఆయన చేసే సంతకంతో అది తేలిపోతుంది.

ఆఫీసు వెనక షెడ్డులో ప్లైవుడ్ గోడలతో, అసలు కొలతలతో ఒక రోగి గది కట్టారు. రోగిగా ఎవరు పడుకోవాలన్న ప్రశ్న రాగానే గాలిబ్ బేగ్ బూట్లు విప్పాడు. గదిలో ఉన్న ఒక్క మంచాన్నీ కిందివాళ్ళకు వదిలే అలవాటు ఆయనకు లేదు.

"చూశావా ఇంజనీరమ్మా, ఎంత ఖాళీనో. ఇంక నీ హాలెందుకు?"

"ఇంకా ఎవరూ రాలేదు కదండీ."

కాఫీ తెచ్చిన అబూ నిమ్ర్ తలుపులోంచి ఆయన్ను మంచం మీద చూశాడు. పెద్దవాళ్ళ జబ్బు గురించి అడగకూడదని అతని నమ్మకం. నలుగురికీ చెప్పకూడదన్న నమ్మకం మాత్రం లేదు.

పావుగంటలో రికార్డుల విభాగం చాక్లెట్ల పళ్ళెంతో దిగింది. వెనకే టెండర్ల విభాగం, టైపిస్టులు, డ్రైవర్లు.

"మీకేం కాకూడదు బేగ్ గారూ. మొహం చూడండి, ఎలా పాలిపోయిందో."

"నాకేం లేదయ్యా. గది చూస్తున్నాను."

"మా మావయ్యా ఇలాగే అన్నాడు పాపం."

మూడోసారి ఎవరో పాలిపోయిందన్నాక ఆయన చేయి తనంతట తానే గుండె మీదికి వెళ్ళడం రుదైనా గమనించింది. తాను మంచాన పడితే ఎందరు వస్తారోనని ఆమె కూడా ఎన్నోసార్లు లెక్క వేసుకుంది. ఆ లెక్క ఎప్పుడూ ఒక చేతి వేళ్ళు దాటలేదు. ఈయన అదృష్టవంతుడు. సర్కారు ప్లైవుడ్ మధ్య పడుకుని కళ్ళారా చూసుకుంటున్నాడు.

పరీక్ష కోసం పిలిపించిన నర్సు మైసూన్‌కు ఆమె సైగ చేసింది. "ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నామనుకో. మంచం బయటికి లాగు."

"జరగండయ్యా, కాస్త జరగండి," అంది మైసూన్. ఎవరూ జరగలేదు. ముందు జరిగినవాడికి అభిమానం తక్కువని అర్థం. మంచం గుమ్మం దాటడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

నివేదికలో రోగి ప్రాణాలకు ప్రమాదమని రాయబోయి రుదైనా ఆగింది. ప్రాణాల గురించి రాసిన ఏ కాగితం మీదా ఆయన ఇంతవరకు సంతకం పెట్టలేదు. మరోలా రాసి చదివి వినిపించింది.

"ముప్పై ఒక్కమంది అభిమానంతో చుట్టుముట్టినందువల్ల డైరెక్టరు గారి మంచం నాలుగు నిమిషాలు కదల్లేకపోయింది. అందువల్ల అన్ని అంతస్తుల్లోనూ హాళ్ళు ఉంచాలి."

గాలిబ్ బేగ్ కళ్ళు చెమర్చాయి. పెన్ను అందుకున్నాడు. కాగితం మీద పెట్టబోయి ఆగిపోయాడు.

"ముప్పై రెండు చెయ్యి," అన్నాడు నీరసంగా. "డిప్యూటీ దారిలో ఉన్నాడట."

ఆమె దిద్దింది. ఆయన సంతకం పెట్టి, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. డిప్యూటీ వచ్చేసరికి లేచి కూర్చుని ఉంటే బావుండదు కదా.