గోడకు పట్టిన వాసన

ఇల్లు ఖాళీ చేసే రోజున గౌరి ఆ రెండు గదుల వాటాను గొళ్లేల సందుల్లో మురికి కూడా వదలగొట్టి అద్దంలా కడిగింది. కడగక ఏం చేస్తుంది మరి! పదిహేను వేల అడ్వాన్సు ఇంటివాళ్ల దగ్గర ఉంది. భావనపాడు నుంచి దిగే చేపల్ని గంపకెత్తి, శ్రీకాకుళం వీధులన్నీ తిరిగి అమ్మి అమ్మి మెడ పట్టేసింది. ఐస్ పెట్టె బిగించిన పాత మోపెడ్ ఒకటి బేరం కుదిరింది. ఆదివారంలోగా డబ్బు చేతిలో పెట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని అమ్మేవాడు ఖరాఖండీగా చెప్పేశాడు. అప్పటికే శుక్రవారం.

ఇంటావిడ పద్మకుమారి కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది. వెనకాలే ఆమె భర్త జగన్నాధం, ఎవరూ పిలవకుండానే, కొళాయి కారుతోందేమో చూస్తానంటూ చేతిలో పానా పట్టుకుని వచ్చారు. కారని కొళాయి దగ్గర ఆయన అంతసేపు ఎందుకు నిలబడ్డారో తరవాత తెలుస్తుంది.

పద్మకుమారి గోడగోడకీ తిరిగి లెక్క రాసింది. మేకుల చిల్లులకు పుట్టీ, వంటగదిలో మసి, తలుపులకు రంగు, గోడలకు మూడు కోటింగులు. అన్నీ కలిపి పద్నాలుగు వేల ఆరువందలు తేలింది. మిగిలిన నాలుగువందలు గౌరి చేతిలో పెట్టబోయింది. గౌరి చెయ్యి చాపలేదు.

వాదన మొదలైంది. గౌరి చేపల బజారులో పుట్టి పెరిగిన మనిషి, బేరానికి వెనకాడే రకం కాదు. మేకులు పాత అద్దెవాళ్లవని, తను వచ్చిన రోజు కూడా ఈ రంగే ఉందని, ఐదేళ్లలో ఒక్కసారైనా సున్నం వేయించారా అని నిలదీసింది. పద్మకుమారి లెక్కలోంచి మేకులు కొట్టేసింది, మసి కొట్టేసింది, తలుపులూ కొట్టేసింది. అంత తేలిగ్గా ఎందుకు కొట్టేసిందో గౌరికి అప్పుడు తోచలేదు. గోడల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్ను ఆపేసింది. గోడలకే పదకొండు వేలు.

"గోడలకి నీసు వాసన పట్టేసినాది. కావాలంటే సూడు" అంది.

గౌరి వెళ్లి వంటగది గోడకు ముక్కు ఆనించింది. మనిషి అబద్ధం ఆడగలదు గానీ చేపల మనిషి ముక్కు ఆడలేదు. చింతపండు పులుసులో ఉడికిన వంజరం వాసన సన్నగా, తీరిగ్గా, ఐదేళ్ల నుంచి అక్కడే కాపురం ఉన్నట్టు ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జగన్నాధానికి కంటి ఆపరేషన్ అయినప్పుడు, చూపు దక్కితే మా ఇంట్లో ఇక నీసు వండబోమని పద్మకుమారి అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. చూపు దక్కింది. మొక్కుకున్నది ఆవిడ, నోరు కట్టుకోవలసి వచ్చింది ఆయన. వెనక వాటా అద్దెకిచ్చేటప్పుడు కూడా, ఈ ఆవరణలో నీసు వండకూడదని గౌరి దగ్గర మాట తీసుకుంది. గౌరి ఆ మాట మూడు నెలలు నిలబెట్టుకుంది. గంప బజారులోనే వదిలి, పెరట్లో స్నానం చేశాకే గడప తొక్కేది.

నాలుగో నెలలో ఒక బుధవారం జగన్నాధం బజారుకు వచ్చి, కేజీ వంజరం కొని, అది గౌరికే తిరిగిచ్చి వండమన్నారు. గౌరి బిత్తరపోతే ఆయన శాస్త్రం చెప్పారు. మొక్కు మా వంటింటిది, మీ వంటింటిది కాదు, నువ్వు అద్దె కడుతున్నావు గనక అది నీ ఇల్లే అన్నారు. బుధవారం సాయంత్రాలు పద్మకుమారి చెల్లెలింటికి వెళుతుంది. ఇంకేముంది, ప్రతి బుధవారం ఆయన వెనక వాటాలో పీట వేసుకుని కూర్చునేవారు. గౌరి, ఆమె మొగుడు నాగబాబు తినలేదా అంటే, వాళ్లూ తిన్నారు. వండిన పులుసును చూస్తూ కూర్చోవడానికి వాళ్లేమైనా మొక్కుకున్నారా?

ఇప్పుడు ఆ మహానుభావుడు కొళాయి పట్టుకుని నోరు మెదపడం లేదు. గౌరికి ఒళ్లు మండిపోయింది.

"ఎవరు తిన్నారో సెప్పీ. డబ్బులు మొత్తం ఇచ్చేస్తాను" అంది పద్మకుమారి, గౌరి కళ్లలోకి చూస్తూ.

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే తుఫాను ఏడాది కూడా గుర్తొచ్చింది. వాళ్ల బోటు విరిగి, నాగబాబు రెండు నెలలు సముద్రం మొహం చూడనప్పుడు, అద్దె సంగతి ఎత్తకుండా బియ్యం బస్తా గుమ్మంలో దించి వెళ్లినది ఈ కొళాయి దగ్గరి మనిషే. మోపెడ్ పోతే పోయింది. గంప ఎలాగూ ఉంది, మెడా ఉంది. అలా అనుకుందే గానీ ఏడుపొచ్చినంత పనైంది.

"వొండినది నానే అమ్మగారూ. మాట తప్పినది కూడా నానే. ఎవరు తిన్నారో నన్నడక్కండి, ఆ పదకొండు వేలూ పట్టేసుకోండి" అంది.

పానా ఠంగుమని గచ్చు మీద పడింది.

"ఆ పిల్లనొగ్గెయ్యి పద్మా. తిన్నది నాను" అన్నారు జగన్నాధం.

పద్మకుమారి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం వెతికినా లేదు.

"నాకెప్పుడో తెలుసు. మా సెల్లి ఇంటికెళ్లడం మానేసి నాలుగేళ్లయినాది. మీరిక్కడ ముక్క కొరుకుతన్నంతసేపూ నాను గుళ్లో నూటెనిమిది ప్రదక్షిణాలు సేస్తన్నాను, ఆయన కళ్ల జోలికి రాకు సామీ అని. వద్దని సెప్తే మీరు మానేస్తారు. మానేస్తే అన్నం సరిగ్గా తినరు. అందుకే సెప్పలేదు. మీ పులుసు డబ్బు ఈ పిల్ల నెత్తిన పడతంటే నోరిప్పుతారా లేదా అని ఇవాళ సూసినాను."

జగన్నాధం తల దించుకున్నారు. నాలుగేళ్లుగా బుధవారం రాత్రి మోకాళ్లకు తైలం రాయమని భార్య అడగడం, వయసు మీద పడుతోందే అని తను వేళాకోళం చేయడం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఉంటాయి. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పద్మకుమారి బొడ్లోంచి సంచీ తీసి పదిహేను వేలూ గౌరి చేతిలో పెట్టింది. మడత పెట్టిన కాగితం మొగుడి జేబులో దోపి, రంగుల ఖర్చు తమరిదేనంది. గౌరి కళ్లు తుడుచుకుని నోట్లు గట్టిగా పట్టుకుంది. మోపెడ్ తనదే.

"వచ్చే బుధవారం నుంచి ప్రదక్షిణాలు మీరు సెయ్యండి. నా వల్ల కాదు" అంది పద్మకుమారి.

జగన్నాధం బుద్ధిగా తలూపి, కాసేపు ఆలోచించి, చాలా నెమ్మదిగా అడిగారు.

"తినేముందా, తిన్నాకా?"

పద్మకుమారి కొట్టడానికన్నట్టు చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, గౌరి భుజం మీద వాలిపోయి, మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయి నవ్వింది.